బాపు అతికిన ఎనిమిది పోగులు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఇది నేను చెప్పుకునే మాట కాదు, మా వాడంత చెప్పే మాట. అందుకే ఆ వారం రోజుల్ల ఎవరెవరిని తిట్టిన్నో ముందుగాలనే ఒప్పుకుంట. ఇంటర్నెట్ కంపెనోళ్లను తిట్టిన. లైన్ వేసిన మనిషిని తిట్టిన. పాత కంప్యూటర్ అమ్మిన దుకాణపాయనను తిట్టిన. కట్టుకున్నోన్ని తిట్టిన. మిద్దె మీద కూసున్న కోతిని సుత తిట్టిన. తప్పు ఎక్కడున్నదో తెలిసినంక మాత్రం నా నోరు పడిపోయింది.

మాది కరీంనగర్ల సాంచాల వాడ. సాంచ అంటే కరెంటుతోని నడిచే మగ్గం. ఒకప్పుడు మా వాడల పొద్దున లేస్తే టకటక, పండుకునే దాక టకటక. ఆ సప్పుడుల పెరిగిన పిల్ల గట్టిగ మాట్లాడక ఏం జేస్తది అని నన్ను కన్న అవ్వ నన్ను వెనకేసుకొస్తుండె. ఇప్పుడు సగానికి సగం సాంచాలు బందైనయి, నా గొంతు మాత్రం తగ్గలే.

నా నౌకరి హైదరాబాద్ కంపెనీల. దూరం దూరం ఊర్ల దవాఖానలల్ల కంప్యూటర్లు ఒకదానితోని ఒకటి మంచిగ మాట్లాడుకుంటున్నయా లేదా అని చూసుడు, మాట తెగిపోతే ఫోన్ల చెప్పి బాగుచేయించుడు. ఆరేండ్లు హాస్టల్ల ఉండి చేసిన. ఆ హాస్టల్ పప్పుల పప్పొక్కటే ఉండకపోయేది. పెండ్లయినంక ఇంటికాడి నుంచే చేస్తనని కొట్లాడి కరీంనగర్ వచ్చి పడ్డ.

ఎందుకంటే మా ఆయన జైనూర్ల పంతులు. గుట్టల నడుమ ఊరు. ఆడ నా పని నడవది. మా ఆయనకు ఫోన్ల మాట నిలవాల్నంటేనే బడి వెనుక బండరాయి ఎక్కి నిలబడాలె. అందుకని మేము శనివారాలు పంచుకున్నం. ఒక వారం ఆయన వస్తడు, ఒక వారం నేను పోత. మంచిర్యాల ఒక బస్సు, ఉట్నూరు ఒక బస్సు, జైనూర్ ఇంకో బస్సు. నడుము ఇరుగుతది గని, పోయినంక ఆదివారమంత ఆయన వండిన జొన్నరొట్టె తినుకుంట బండ మీద కూసునుడు ఉన్నది సూడుండ్రి, దానికి హైదరాబాద్ మొత్తం రాసిచ్చినా ఇయ్య. అదే హైదరాబాద్ల ఉంటే ఇంకో నాలుగు గంటల తొవ్వ ఎక్కువ. నెలకోసారి మొఖం చూసుకుంటే గొప్ప.

గట్ల ఏడాది గడిచింది. అప్పుడు కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఇంటికాడ పని చేసేటోళ్లు తమ లైన్ ఎంత జోరుగున్నదో చూపెట్టాలె, తీగెతోనే చూపెట్టాలె, ఇంట్ల వైఫై గాలి సిగ్నల్ పనికిరాదు. ఒక లైన్ పోతే రెండోది దానంతట అదే అందుకోవాలె. సోమవారం పదకొండు గంటలకు వాళ్ల మనిషి అటుదిక్కు నుంచి కొలుస్తడు. స్పీడ్ ఐదు వందలు దాటకపోతే పెట్టె సర్దుకుని ఆఫీసుకు రావాలె. అంటే మల్ల హాస్టల్, మల్ల ఆ పప్పు, శనివారం బస్సు బంద్.

నేను ఫికర్ చేయలే. చేసే పని గిదే గద! వెయ్యి స్పీడున్న లైన్ పెట్టిచ్చిన. లైన్‌తోని వాళ్లిచ్చే తెల్ల డబ్బా రెండు లైన్లను మోయలేదు. అందుకే నా రౌటర్ నేనే తయారు చేసుకుంట అన్న. ఏదో ఆఫీసుల నుంచి తీసేసిన పాత కంప్యూటర్ కొన్న. దాంట్ల రెండు తీగెలు పట్టే కార్డు బిగించిన. ఉన్న సాఫ్ట్‌వేర్ తీసేసి, రౌటర్ పని చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించిన. పెద్ద లైన్ ఒక దిక్కు, ఫోన్ సిమ్ముతోని నడిచే సిమ్ములైన్ ఒక దిక్కు. పెద్దది పడిపోతే చిన్నది అందుకుంటది. ముందటర్రల బియ్యం డ్రమ్ము పక్కన పెట్టిన. ఇంత పెద్దది పనిచేస్తే వాళ్లు గంత చిన్న డబ్బా ఎందుకు ఇచ్చిండ్రు అని అవ్వ అడిగింది. వాళ్లకు తెలివి లేక అన్న. చూసిండ్రా, పొగరు ఎట్లుంటదో.

ఇగ మిగిలింది తీగె. ముందటర్ర నుంచి మెట్ల మీదికెళ్లి నేను పని చేసుకునే మీది అర్ర దాక గుంజాలె. గుంజిన. దాని కొసలకు చిన్న ప్లాస్టిక్ మూతి బిగించాలె. తీగె తోలు తీస్తే లోపల ఎనిమిది సన్న పోగులు ఉంటయి, రెండు రెండు మెలిపెట్టి నాలుగు జోడ్లు. నారింజ, ఆకుపచ్చ, నీలం, ఇటుక రంగు. ప్రతి రంగు పోగుకు దాని తెల్లచారల పోగు జోడు. వాటిని వరుసగ పేర్చి, సమంగ కత్తిరించి, ఒక్కటి సుత వంగకుంట మూతిల దూర్చి అదమాలె. నా వేళ్లు లావు, నా ఓపిక సన్నం. మూడు మూతులు ఖరాబు చేసిన. నాలుగోది విసిరికొడితే పోయి బాపు కాళ్ల కాడ పడ్డది.

బాపు దాన్ని ఏరి కండ్ల కాడ పెట్టుకుని చూసిండు. గింతేనా అన్నట్టు చూసిండు.

మా బాపు సంగతి చెప్పాలె. ముప్పై ఏండ్లు వైపని చేసిండు. సాంచ మీద పాత పోగు అయిపోవస్తే, కొత్త పోగును దాని కొసలకు ఒక్కొక్కటిగ అతకాలె, అదే వైపని. ఒకటా రెండా, వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలు కలిపి ఇట్ల మెలిపెడితే అతుకు ఏడున్నదో దేవులాడినా దొరకది. పొద్దుగాల కూసుంటే మాపటికి ఒక్క పోగు తప్పిపోయేది కాదు. ఇంకో అలవాటుండేది బాపుకు. అతుకుడు అయినంక సాంచ మొదలుపెట్టి, కొత్త పోగుతోని మూరెడు బట్ట కిందికి దిగేదాక ఆడి నుంచి లేవకపోయేది. సాంచాల సేటు పొమ్మన్నా పోకపోయేది. అతికినోడు మూర దిగేదాక ఉండాలె అనేటోడు. ఇంటికాడ మేము అన్నం ముంగట పెట్టుకుని చూస్తుంటిమి. సాంచాలు బందైనంక ఆరు నెలల నుంచి ఖాళీగున్నడు. పొద్దున పేపర్ చదువుడు, మాపటికి అదే పేపర్ మల్ల చదువుడు.

నేను పెండ్లి పత్రిక వెనుక స్కెచ్ పెన్నులతోని ఎనిమిది గీతలు గీసి, గీ వరుసల పెట్టు బాపు, రెండు కొసలకు ఒక్కతీరుగనే ఉండాలె అని చెప్పి మీటింగ్ ఉన్నదని ఉరికిన. చాయ్ తాగినంత సేపట్ల రెండు మూతులు బిగించి పెట్టిండు. ఏం చేతులు అవి! సాంచకుండే దువ్వెనను పన్నె అంటరు, ఎనిమిది పోగులు ఆ పన్నెల నుంచి దిగినట్టు సమంగ కూసున్నయి. అవ్వకు సుత చూపెట్టిన. బాపు మూతిమీసం కింద నవ్విండు. ఆ మాపటికి చాయ్ హోటల్ కాడ, మా బిడ్డ ఆఫీసు నా అతుకు మీద నడుస్తది అని చెప్పుకున్నడట.

మీది అర్రల తీగె పెట్టి స్పీడ్ చూసిన. తొంభై నాలుగు.

మల్ల చూసిన. తొంభై నాలుగు. నడుమ నడుమ తెగుడు ఒకటి. వెయ్యి అని చెప్పి వందిస్తుండ్రా అని ఇంటర్నెట్ కంపెనోళ్లకు ఫోన్ కొట్టిన, నేనేం తిట్టిన్నో రాసేది కాదు. తెల్లారి లైన్ మనిషి వచ్చిండు, నలభై ఏండ్లు పైబడ్డ నిమ్మలమైన మనిషి. ముందటర్రల తన మిషన్ పెట్టి చూసి, తొమ్మిది వందల చిల్లర వస్తుంది మేడం, మా దిక్కు అంత మంచిగనే ఉన్నది అన్నడు. నీ మిషనే అబద్ధం చెప్తుంది అన్న. ఆయన అవ్వ ఇచ్చిన చాయ్ తాగి పోయిండు. ఇగ పాత కంప్యూటర్ మీద పడ్డ. దుకాణపాయన దగ్గరికి పోయి లొల్లి పెట్టుకుని కార్డు మార్పిచ్చిన. తొంభై నాలుగు. సాఫ్ట్‌వేర్ తీసేసి మల్ల ఎక్కించిన, ఒకసారి కాదు మూడుసార్లు. తొంభై నాలుగు. మిద్దె మీద కోతి లైన్ తీగె పట్టుకుని ఊగుతుంటే దాని వంశాన్నంత తీసిన. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది నీ కథ అని అవ్వ వంటింట్ల నుంచి అన్నది. అవ్వ మీద సుత లేచిన.

ఆ శనివారం వంతు మా ఆయనది. మూడు బస్సులు దిగి ఒళ్లు హూనం చేసుకుని వచ్చిండు. వాళ్లది మహారాష్ట్ర సరిహద్దు ఊరు, మాటకు ఆఖర్ల 'బర' అంటడు. మంచిది అని దాని అర్థమట. తిట్టినా బర, పొగిడినా బర. నా బాధంత చెప్పిన. ఆయన నిమ్మలంగ విని, నాకేం తెల్వదు గని, ఆ రౌటర్ పక్కన్నే కూసుండి చూసినవా అన్నడు. అత్త మీది కోపం దుత్త మీద తీసినట్టు ఆయన మీద పడ్డ. బడిల పిల్లగాండ్లకు ఎక్కాలు చెప్పేటోడు నాకు నెట్‌వర్క్ నేర్పుతుండా అన్న. బర అని పోయి కాళ్లు కడుక్కున్నడు.

ఆదివారం పొద్దున బాపు గడ్డం గీయించుకోను పోయిండు. మా ఆయన అవ్వతోని ముచ్చట పెట్టిండు. ఎవరు చూస్తలేరని చూసుకుని, ముందటర్రల రౌటర్ పక్కన పీటేసుకుని, ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల డబ్బాతోని వచ్చిన మూరెడు తీగె పెట్టి స్పీడ్ చూసిన.

తొమ్మిది వందల ముప్పై.

లైన్ మంచిదే. కార్డు మంచిదే. రౌటర్ బంగారం. మిగిలింది మీదికి పోయే తీగె ఒక్కటే. తొంభై నాలుగు అన్న లెక్క కనబడితే ముందుగాల తీగె చూడుండ్రి, ఏదో జోడు అతకలేదు అని నేను రోజుకు పది దవాఖానలకు చెప్త. నిద్రల లేపి అడిగినా చెప్త. నా ఇంట్ల ఆరు రోజుల నుంచి అదే లెక్క కనబడుతున్నా నాకు తీగె యాదికే రాలే. ఎట్లొస్తది? అది బాపు అతికిన తీగె. లోకంల అన్ని తప్పుతయి గని బాపు అతుకు తప్పది అనుకున్న. సంకల పిల్లను పెట్టుకుని ఊరంత దేవులాడిన.

మీదికి పోయి మూతి గుంజి చూసిన. పోగులు ఎంత సక్కగున్నయో! గని వరుస నేను గీసినట్టు లేదు. నేను తెల్లచారల ఆకుపచ్చది ఒక దిక్కు, ఆకుపచ్చది ఒక దిక్కు పెట్టి నడుమ నీలి జోడు గీసిన. దాని పద్ధతే అంత. బాపు ఆకుపచ్చ రెండింటిని పక్కపక్కన పెట్టి, నీలి రెండింటిని వాటి పక్కన పెట్టిండు. కిందికి పోయి రెండో కొస చూసిన, అట్లనే ఉన్నది.

ఇగ బాపుకు ఎట్ల చెప్పాలె? హోటల్ కాడ చెప్పుకున్న మనిషికి, ఆరు నెలలకు ఒక్క పని చేతికొచ్చిన మనిషికి, నీ అతుకు తప్పింది అని నేను చెప్పాల్నా? ఊరంతటిని తిట్టిన నోరు నాది, ఆ ఒక్క మాటకు రాలే. బాపు వచ్చేలోపల నేనే సప్పుడు చేయక మార్చేస్తే తెల్వకుంట పోతది అనుకున్న. రెండు కొసలు కత్తిరించి మీది అర్రకొచ్చిన. కూసున్న. ఒక మూతి ఖరాబు. రెండోది ఖరాబు. కండ్లల్ల నీళ్లకు ఆకుపచ్చేదో నీలమేదో తెలుస్తలేదు. ఇంకా ఖరాబు చేసినంక చూస్తే సంచిల రెండే రెండు మూతులు మిగిలినయి. ఆదివారం, దుకాణాలు బంద్. సోమవారం పదకొండు గంటలకు కొలత. శనివారం బస్సు నా కండ్ల ముంగట్నే వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

తల ఎత్తి చూస్తే కడప కాడ బాపు నిలబడి ఉన్నడు. గడ్డం నున్నగ, చెవి కింద జరంత సబ్బు. కింద పడ్డ కొసల దిక్కు చూస్తుండు.

"గది నేను మార్చిన బిడ్డా" అన్నడు. "నువ్వు గీసిన కాగితంల ఆకుపచ్చ జోడు ఇడిపోయి ఉండె. పన్నెల ఒక సందుకు రెండు పోగులు పోతయి, ఆ జోడు ఇడదీస్తే బట్ట నిండ గీత పడ్తది. నువ్వు తొందరల తప్పు గీసినవ్ అనుకున్న."

"ఒక్క మాట అడగకపోతివా బాపు?"

బాపు కింద కూసున్నడు. కత్తిరించిన కొస ఒకటి చేతిలకు తీసుకున్నడు. "అడుగుదామనే మీదికొచ్చిన. నువ్వు కోపంల ఉంటివి. ఎనుకకు మర్లిన."

ఆరు రోజులు తప్పు ఎవరిదని దేవులాడిన గద. దొరికింది. నాకు మస్తు ఏడుపొచ్చింది, బాపు ముంగట్నే ఏడ్చిన. బాపు నన్ను ఊకోమనలే. రెండు మూతులు అరచేతిల పోసుకుని, చెప్పు, జోడు ఎందుకు ఇడదీయాలె అన్నడు.

చెప్పిన. జీవితంల మొదటిసారి గొంతు లేపకుంట చెప్పిన. తీగె లోపల ఆకుపచ్చ రెండు మెలేసుకునే ఉంటయి బాపు, కొసకాడ ఒక్కతాన్నే అటొకటి ఇటొకటి నిలబడతయి. కార్డు వాటిని గట్లనే జోడు అనుకుంటది. నువ్వు పెట్టినట్టు పెడితే ఆకుపచ్చ జోడుల ఒకటి పోయి నీలి జోడుల ఒకదానితోని కలుస్తది, ఎవరి మాట ఎవరిదో తెల్వక అంత కలగాపులగమైతది అన్న. బాపు ఆ తెగిన తీగె ముక్క మెల్లగ ఇప్పి లోపల చూసిండు. ఆకుపచ్చ జోడు మెలిక మీద మెలిక పడి ఉన్నది.

"లోపల కలిసే ఉంటయి. కొసకే ఇడిపోవుడు" అన్నడు. కింద అల్లుడు మాట్లాడుతున్న దిక్కు ఒకసారి చూసి, "బర" అన్నడు.

ఏడుపుల నాకు నవ్వొచ్చింది. బాపు వంటింట్లకు పోయి పొయ్యిల నుంచి చిటికెడు బూడిద తెచ్చుకున్నడు. ఈ పోగులకు బూడిద ఎందుకు బాపు అందామని నోటి దాక వచ్చింది గని అనలే. వేళ్లకు అద్దుకుని, దులుపుకుని, పోగులు సాపు చేసిండు. నేను పక్కన కూసుండి ఒక్కొక్క రంగు చెప్పిన, ఆయన పేర్చిండు. ప్రతి పోగుకు ఆగి నా మొఖం దిక్కు చూసిండు. ప్రతిసారి సరే బాపు అన్న.

మా ఆయన ఆ మాపటి బస్సుకే పోవాలె, సోమవారం బడి. పోయే ముంగట తీగె పెట్టి చూస్తే తొమ్మిది వందల పైననే వచ్చింది. ముందుగాల నీ మాట ఇననందుకు నాది తప్పు అని చెప్పిన. ఈసారి బర అనలే ఆయన. మల్లోసారి చెప్పు అన్నడు. చెప్పలే. ఒక్క దినంల అంత మార్పు మంచిది కాదు.

సోమవారం పదకొండు గంటలకు ముందే బాపు మీది అర్రకొచ్చి, గోడకాడ తీగె వచ్చే తాన కింద కూసున్నడు. ఎందుకు బాపు, అరగంట పడ్తది, కింద పండుకో అన్న. కదల్లే. తీగె మీద రెండు వేళ్లు పెట్టి కూసున్నడు. మా ఆఫీసు మనిషి అటుదిక్కు నుంచి కొలుచుడు షురూ చేసిండు. ఒకసారి కొలిచిండు, రెండుసార్లు కొలిచిండు. ఎనిమిది వందలు, తొమ్మిది వందలు. ఇగ పెద్ద లైన్ తీసేయి అన్నడు. మెట్ల మీద నుంచి గట్టిగ ఒర్రితే అవ్వ కింద తీగె గుంజింది. ఒక్క రెప్పపాటు తెర మీద ఆయన బొమ్మ నిలబడి మల్ల నడిచింది. సిమ్ములైన్ అందుకున్నది. నా రౌటర్! అవ్వను మల్ల పెట్టమన్న, మల్ల పెద్ద లైన్ వచ్చింది. ఆయన ఏదో రాసుకుని, మీది పాస్ అయింది, ఇంటికాడనే ఉండుండ్రి అని ఇంగ్లీషుల అన్నడు.

బాపుకు ఇంగ్లీషు రాదు. నా మొఖమే చూస్తుండు.

"మూర దిగిందా?"

"దిగింది బాపు. లే."

అప్పుడు తీగె మీది నుంచి వేళ్లు తీసిండు. మోకాళ్లు పట్టుకుని లేచిండు.

ఆ శనివారం వంతు నాది. లైన్ మనిషికి, దుకాణపాయనకు ఫోన్ చేసి తప్పైందని చెప్పి బస్టాండుకు పోయిన. కోతికి ఎట్ల చెప్పాల్నో తెల్వలే. బాపు స్కూటర్ మీద దింపిండు. మంచిర్యాల బస్సు నిలబడే ఉండె, కిటికీ పక్కకు సీటు దొరికింది. ఎండ మాడ్చుతుంది. బస్సు ఎప్పుడు కదుల్తదో ఏమో, ఇంటికి పో బాపు అని కిటికీల నుంచి అన్న. తల ఊపిండు, పోలే. డ్రైవర్ చాయ్ తాగొచ్చేదాక అట్లనే నిలబడ్డడు. జర గట్టిగనే, ఎండల ఎందుకు నిలబడుడు, పోరాదు అన్న. కదల్లే. బస్సు షురువైంది, ఎనుకకు మర్లింది. బాపు బస్సు పక్కపొంటి నాలుగడుగులు నడిచి, గేటు కాడ ఆగిండు, చూసుకుంటనే ఉన్నడు.

మూడోసారి పొమ్మందామని నోరు తెరిచిన. అప్పుడు సమజైంది, మూర ఇంకా దిగలే. నోరు మూసుకుని, బస్సు మలుపు తిరిగేదాక చెయ్యి ఊపుకుంటనే ఉన్న.